ఎన్ఎఫ్ఎస్ షేర్‌లో పాత ఫైళ్లు, ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ తిప్పలు: ల్యాబ్ అడ్మిన్లకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కాలేజీ ల్యాబుల్లో, చిన్న ఆఫీసుల్లో లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫోల్డర్ పంచుకునే పద్ధతి) ద్వారా ఒక సర్వర్‌లో ఫోల్డర్ షేర్ చేసి యాభై, అరవై సిస్టమ్స్‌లో మౌంట్ చేస్తారు, అంటే సొంత ఫోల్డర్‌లా తగిలిస్తారు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఒకరోజు ఒక సిస్టంలో కొత్త ఫైలు, పక్క సిస్టంలో పాత ఫైలు కనిపిస్తాయి. లేదంటే ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అని ఎర్రర్ వస్తుంది. వెంటనే అందరూ చేసే పని ఒకటే, రీబూట్. అది కొన్నిసార్లు పనిచేస్తుంది కాబట్టి అసలు కారణం ఎప్పటికీ బయటపడదు.

ఉదాహరణల్లో సర్వర్ పేరు శేషాద్రి, క్లయింట్లు గరుడాద్రి, అంజనాద్రి అనుకుందాం. సర్వర్‌లో షేర్ చేసిన ఫోల్డర్ /ఎస్ఆర్‌వీ/ల్యాబ్, క్లయింట్లలో అది మౌంట్ అయ్యే చోటు /ఎంఎన్‌టీ/ల్యాబ్.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు చిన్న ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. ‘మైనస్’ అన్నచోట హైఫన్ కొట్టాలి. పెద్ద అక్షరం కావలసినచోట ‘పెద్ద’ అని విడిగా చెప్పాం. యూమౌంట్ కమాండ్‌లో ‘ఎన్’ అక్షరం ‘యూ’ పక్కన రాదు, ‘యూ’ తర్వాత నేరుగా ‘ఎం’ వస్తుంది. చాలామంది అక్కడే తప్పు కొడతారు.

1. ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

“సార్, నేను సేవ్ చేసినాను, పక్క సిస్టంలో పాతదే కనబడతా ఉంది” అని ఒకరు వస్తారు. “సార్, ఫోల్డర్ తెరుచుకోవడం లేదు” అని ఇంకొకరు వస్తారు. రెండింటికీ ‘ఎన్ఎఫ్ఎస్ పోయింది’ అనే పేరు పెడితే దారి తప్పినట్టే. నిజానికి ఇవి నాలుగు వేర్వేరు సమస్యలు.

- ఫైలు తెరుచుకుంటుంది, లోపల పాత సరుకు ఉంటుంది. లేదా ఇప్పుడే పెట్టిన ఫైలు కనిపించదు. ఇది క్యాష్ (క్లయింట్ తన దగ్గర దాచుకున్న కాపీ) సమస్య.
- ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అనే ఎర్రర్ వెంటనే వస్తుంది. ఇది హ్యాండిల్ (ఫైలుకు సర్వర్ ఇచ్చే గుర్తు) సమస్య. లైనక్స్‌లో దీని ఎర్రర్ నంబర్ 116.
- ఏ ఎర్రరూ రాదు, ఎల్ఎస్ కొడితే టెర్మినల్ బిగుసుకుపోతుంది. డీమెసేజ్ లాగ్‌లో ‘సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్’ అని ఉంటుంది. ఇది నెట్‌వర్క్ లేదా సర్వర్ ఆగిపోయిన సమస్య.
- ఫోల్డర్ చెరిపేయబోతే ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటుంది, లోపల చుక్క ఎన్ఎఫ్ఎస్‌తో మొదలయ్యే వింత పేర్ల ఫైళ్లు ఉంటాయి. దీని సంగతి 6వ భాగంలో.

మూడో రకాన్ని ఇక్కడ లోతుగా తీసుకోవడం లేదు. కేబుల్, స్విచ్, సర్వర్ పవర్, 2049 పోర్ట్‌కు ఫైర్‌వాల్ చూసుకోండి. సర్వర్ తిరిగి వస్తే హార్డ్ మౌంట్‌లో (జవాబు వచ్చేదాకా ఎదురుచూసే మౌంట్‌లో) ఆగిన పనులు వాటంతట అవే కొనసాగుతాయి. అలా బిగుసుకుంటోందని మౌంట్‌ను సాఫ్ట్‌గా మార్చే అలవాటు మాత్రం వద్దు. సాఫ్ట్ మౌంట్‌లో గడువు దాటగానే రాత మధ్యలోనే ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ను సరిగ్గా పట్టించుకోని ప్రోగ్రాం సగం రాసిన ఫైలును వదిలేస్తుంది.

2. చేతులు పెట్టేముందు సేకరించాల్సినవి

ఇవి రాసుకోకుండా ఏదీ మార్చవద్దు. ఐదు నిమిషాల పని.

- క్లయింట్‌లో ఎన్ఎఫ్ఎస్‌స్టాట్ మైనస్ ఎం. నిజంగా అమల్లో ఉన్న ఆప్షన్లు, వెర్షన్ ఇందులో తెలుస్తాయి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో రాసే ఫైలులో) రాసింది కాదు, ఇక్కడ కనిపించేదే నమ్మాలి.
- సర్వర్‌లో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ మైనస్ వీ. ఏ ఫోల్డర్ ఏ ఐపీలకు, ఏ ఆప్షన్లతో పోతోందో చూడండి.
- సర్వర్‌లో ఫైండ్‌మౌంట్ /ఎస్ఆర్‌వీ/ల్యాబ్. డిస్క్ నిజంగా ఆ చోట మౌంట్ అయి ఉందా?
- క్లయింట్‌లో టైమ్‌అవుట్ 5 స్టాట్ /ఎంఎన్‌టీ/ల్యాబ్. ముందు టైమ్‌అవుట్ పెట్టకపోతే మీ టెర్మినల్ కూడా బిగుసుకునే అవకాశం ఉంది. డీఎఫ్ కమాండ్‌ను అసలు వాడొద్దు, అది అన్ని మౌంట్లనూ తట్టి ఆగిపోతుంది.
- రెండు వైపులా గడియారం. సమయం సరిచేసే క్రోనీ ప్రోగ్రాం నడుస్తోందా? సమయం తేడా ఉంటే మేక్ లాంటి టూల్స్ కొత్త ఫైలును పాతదని పొరబడతాయి. అప్పుడు తప్పు ఎన్ఎఫ్ఎస్ మీద పడుతుంది.

తర్వాత రెండు ప్రశ్నలు: ఒక్క క్లయింట్‌లోనా, అన్నిట్లోనా? ఒక్క ఫైలుకా, మౌంట్ మొత్తానికా? ఈ రెంటికీ జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

3. స్టేల్ హ్యాండిల్ ఎందుకు వస్తుంది

క్లయింట్ ఒకసారి ఫైలును వెతికి పట్టుకున్నాక సర్వర్ దానికి ఒక హ్యాండిల్ ఇస్తుంది. లైనక్స్ సర్వర్ ఇచ్చే హ్యాండిల్‌లో ప్రధానంగా మూడు ఉంటాయి: అది ఏ ఫైల్ సిస్టం అనే గుర్తు (ఎఫ్ఎస్ఐడీ), ఐనోడ్ నంబర్ (ఆ ఫైల్ సిస్టంలో ఫైలుకు ఉండే సంఖ్య), ఆ ఐనోడ్ ఎన్నో తరానిదో చెప్పే జనరేషన్ నంబర్. ఫైలు పేరు అందులో ఉండదు. అందుకే పేరు అదే ఉన్నా, లోపలి ఐనోడ్ మారితే పాత హ్యాండిల్ చెల్లదు.

దీన్నిబట్టి కారణాలు ఇవి:

- ఫైలును సర్వర్‌లోనో ఇంకో క్లయింట్‌లోనో చెరిపేశారు, లేదా అదే పేరుతో కొత్త ఫైలు పెట్టారు.
- బ్యాకప్ నుంచి రీస్టోర్ చేశారు, డిస్క్ ఫార్మాట్ చేశారు. పేర్లన్నీ అవే, ఐనోడ్లన్నీ కొత్తవి.
- కరెంటు పోయి వచ్చాక డేటా డిస్క్ మౌంట్ కాలేదు. ఎన్ఎఫ్ఎస్ మాత్రం మొదలై, ఖాళీ ఫోల్డర్‌ను షేర్ చేస్తోంది.
- ఎక్స్‌పోర్ట్స్ ఫైలులోంచి (ఏ ఫోల్డర్ ఎవరికి షేర్ చేయాలో సర్వర్‌లో రాసే ఫైలులోంచి) ఆ షేర్ లైను తీసేశారు, లేదా డీహెచ్‌సీపీలో క్లయింట్ ఐపీ మారి ఆ లైను పరిధి దాటిపోయింది. ‘అనుమతి లేదు’ అని రావాలి కదా అనిపిస్తుంది. కానీ అప్పటికే మౌంట్ అయి ఉన్న క్లయింట్‌కు తరచూ వచ్చేది స్టేల్ ఎర్రరే.
- ఎక్స్‌పోర్ట్‌లో సబ్‌ట్రీ_చెక్ (ఫైలు షేర్ చేసిన ఫోల్డర్‌లోనే ఉందో లేదో సరిచూసే ఆప్షన్) ఉంది, తెరిచి ఉన్న ఫైలును ఎవరో వేరే ఫోల్డర్‌లోకి జరిపారు. ఇప్పటి ఎన్ఎఫ్ఎస్ టూల్స్‌లో మామూలుగా ఇది ఆఫ్‌లోనే ఉంటుంది. పాత కాన్ఫిగరేషన్లు కాపీ కొట్టినచోట ఇంకా కనిపిస్తుంది.

ఫైళ్లను కాపీ చేసి తాజాగా ఉంచే ఆర్‌సింక్ టూల్ గురించి విడిగా చెప్పాలి. అది మామూలుగా తాత్కాలిక పేరుతో కొత్త ఫైలు రాసి, చివర్లో అసలు పేరుకు మారుస్తుంది. అంటే అప్‌డేట్ అయిన ప్రతి ఫైలుకూ ఐనోడ్ మారుతుంది. రాత్రి ఆర్‌సింక్ నడిచాక, పొద్దున దాకా ఆ ఫైళ్లు తెరిచి ఉంచుకున్న క్లయింట్లకు స్టేల్ రావడం ఇందువల్లే. ఇన్‌ప్లేస్ ఆప్షన్ పెడితే ఐనోడ్ మారదు. కానీ చదువుతున్నవాళ్లకు మధ్యలో సగం పాత, సగం కొత్త సరుకు కనిపించే ప్రమాదం ఉంటుంది. ఏది మేలో 7వ భాగంలో చూద్దాం.

4. స్టేల్ హ్యాండిల్ సరిచేసే వరుస

ఈ వరుస తప్పొద్దు. పైమెట్టులో సరిపోతే కిందికి దిగనక్కర్లేదు.

మెట్టు ఒకటి. టెర్మినల్ ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉంటే, సీడీ స్లాష్ కొట్టి బయటికి వచ్చి, పూర్తి పాత్‌తో మళ్లీ లోపలికి వెళ్లండి. ఒక్క షెల్‌కు మాత్రమే వచ్చిన ఎర్రర్ దీంతో పోతుంది. ఫైలును మూసి తెరిస్తే సరిపోయే సందర్భాలూ ఎక్కువే. పేరుతో మళ్లీ వెతికినప్పుడు క్లయింట్‌కు కొత్త హ్యాండిల్ దొరుకుతుంది.

మెట్టు రెండు. అన్ని క్లయింట్లలోనూ వస్తుంటే క్లయింట్లను ముట్టుకోవద్దు, సర్వర్ దగ్గరికి వెళ్లండి. ల్యాబ్‌లో అరవై సిస్టమ్స్ తిరిగి ఒక్కోదాన్నీ రీమౌంట్ చేసేవాళ్లు ఉన్నారు, అది వృథా శ్రమ. ఫైండ్‌మౌంట్‌తో డిస్క్ మౌంట్ అయిందో లేదో చూసి, కాకపోతే మౌంట్ చేసి, ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ మైనస్ ఆర్ఏ ఇవ్వండి. ఆ వెంటనే ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ మైనస్ ఎఫ్ ఇస్తే కెర్నల్‌లో మిగిలిన పాత ఎక్స్‌పోర్ట్ వివరాలు తుడిచిపెట్టుకుపోతాయి. అదే డిస్క్, అదే ఎఫ్ఎస్ఐడీ తిరిగి వస్తే క్లయింట్ల దగ్గరున్న హ్యాండిల్స్ మళ్లీ చెల్లుతాయి. చాలా సిస్టమ్స్ వాటంతట అవే కోలుకుంటాయి.

మెట్టు మూడు. ఒక్క క్లయింట్‌లోనే మౌంట్ మొత్తానికి స్టేల్ వస్తుంటే, దాని ఇప్పటి ఐపీని సర్వర్ ఎక్స్‌పోర్ట్ లైనుతో పోల్చండి. ఐపీ పరిధిలో లేకపోతే ఎన్నిసార్లు రీమౌంట్ చేసినా ఫలితం ఉండదు.

మెట్టు నాలుగు. అంతా సరిగానే ఉందనుకుంటే యూమౌంట్ /ఎంఎన్‌టీ/ల్యాబ్, తర్వాత మౌంట్ /ఎంఎన్‌టీ/ల్యాబ్. ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అంటే ఫ్యూజర్ మైనస్ వీఎం, లేదా ఎల్ఎస్‌ఓఎఫ్ మైనస్ పెద్ద ఎన్ ఇచ్చి ఎవరు పట్టుకున్నారో చూడండి. ఫ్యూజర్‌కు మైనస్ కే తగిలిస్తే ఆ ప్రాసెస్‌లన్నీ చచ్చిపోతాయి. విద్యార్థి సేవ్ చేయని ప్రోగ్రాం కూడా వాటితోపాటే పోతుంది. ముందు అడిగి మూయించండి.

మెట్టు ఐదు. అప్పటికీ వదలకపోతే యూమౌంట్ మైనస్ ఎఫ్. చివరి అస్త్రం యూమౌంట్ మైనస్ ఎల్. ఇది మౌంట్‌ను కంటికి కనపడకుండా తీసేస్తుంది. పట్టుకుని ఉన్న ప్రాసెస్‌లు మాత్రం పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. దీని తర్వాత కొత్తగా మౌంట్ చేసినా ఆ ప్రోగ్రాములకు స్టేల్ వస్తూనే ఉంటుంది, వాటిని ఆపి మొదలుపెట్టాల్సిందే. డాకర్ కంటైనర్లదీ ఇదే కథ. హోస్ట్‌లో రీమౌంట్ చేసినా కంటైనర్ లోపల మామూలుగా పాత మౌంటే ఉంటుంది. కంటైనర్‌ను రీస్టార్ట్ చేయండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు:

- మౌంట్ మైనస్ ఓ రీమౌంట్ ఇచ్చి సరిపోయిందనుకోవడం. చెల్లని రూట్ హ్యాండిల్‌ను అది మార్చదు. ఎన్ఎఫ్ఎస్‌కు ప్రత్యేకమైన ఆప్షన్లు చాలావరకు దాంతో మారవు కూడా.
- సర్వర్ రీబూట్ చేసి, అర నిమిషంలో ‘ఇంకా ఆగిపోయింది’ అని మళ్లీ రీబూట్ చేయడం. ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 4లో సర్వర్ లేచాక పాత లాక్‌లను క్లయింట్లు తిరిగి పొందడానికి మామూలుగా 90 సెకన్ల గడువు ఉంటుంది. ఆలోగా కొత్తగా ఫైళ్లు తెరవడం, లాక్ చేయడం నిలిచి ఉంటుంది. రెండు నిమిషాలు ఓపిక పట్టండి.
- ఫార్మాట్ చేసి బ్యాకప్ రీస్టోర్ చేశాక క్లయింట్లు వాటంతట అవే సర్దుకుంటాయని ఎదురుచూడడం. ఐనోడ్లు మారాయి కాబట్టి ఈ ఒక్క సందర్భంలో ప్రతి క్లయింట్‌లోనూ యూమౌంట్, మౌంట్ తప్పదు.

5. ఎర్రర్ లేదు, సరుకు మాత్రం పాతది

ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ ప్రతి చిన్న విషయానికీ సర్వర్‌ను అడగదు. ఫైలు సైజు, మారిన సమయం లాంటి వివరాలను కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది. లైనక్స్‌లో ఆ గడువులు ఫైళ్లకు 3 నుంచి 60 సెకన్లు, ఫోల్డర్లకు 30 నుంచి 60 సెకన్లు. ఫైలు తరచూ మారుతుంటే గడువు చిన్నదిగా, మారకుండా ఉంటే పెద్దదిగా అవుతుంది.

దీనికి తోడు ఒక హామీ ఉంది. ఒక క్లయింట్ ఫైలు మూసినప్పుడు తన రాతలను సర్వర్‌కు పంపేస్తుంది. ఇంకో క్లయింట్ ఆ ఫైలును తెరిచినప్పుడు సర్వర్‌ను అడిగి సరిచూసుకుంటుంది. కాబట్టి ‘ఇక్కడ మూసి, అక్కడ తెరువు’ అనే క్రమం పాటిస్తే కొత్తదే కనిపించాలి. సేవ్ చేసినా ఎడిటర్ ఫైలును ఇంకా మూయలేదంటే, లేదా అవతలి ఎడిటర్ ముందే తెరిచి ఉంచుకుందంటే, ఈ హామీ వర్తించదు. ల్యాబుల్లో వచ్చే ఫిర్యాదుల్లో చాలా ఇవే. టెయిల్ మైనస్ ఎఫ్‌తో లాగ్ చూస్తున్నప్పుడు కొత్త లైన్లు ఆలస్యంగా రావడం కూడా ఇందుకే.

సరిచూసే పద్ధతి ఇది. గరుడాద్రిలో ఎల్ఎస్ మైనస్ ఐ, ఎండీ5సమ్ ఇచ్చి, శేషాద్రిలో అదే ఫైలుకు అవే కమాండ్లు ఇవ్వండి.

- ఐనోడ్, ఎండీ5సమ్ ఇచ్చిన మొత్తం (ఫైలు సరుకును బట్టి వచ్చే సంఖ్య) రెండూ కలిశాయి: ఎన్ఎఫ్ఎస్ తప్పు లేదు. ఎడిటర్, బ్రౌజర్, వెబ్ సర్వర్‌లోని పీహెచ్‌పీ ఆప్‌క్యాష్ లాంటివి చూడండి.
- ఐనోడ్ ఒకటే, మొత్తం వేరు: రాసే క్లయింట్ ఇంకా మూయలేదు, లేదా క్లయింట్‌లో నోసీటీఓ (పైన చెప్పిన హామీని ఆపే ఆప్షన్) పెట్టారు, లేదా యాక్‌టైమ్‌ఓ (క్యాష్ గడువు పెట్టే ఆప్షన్) విలువ భారీగా ఉంది. ఎన్ఎఫ్ఎస్‌స్టాట్ మైనస్ ఎంలో వెతకండి.
- ఐనోడే వేరు: ఫైలును మార్చేసి కొత్తది పెట్టారు, క్లయింట్ ఇంకా పాతదాన్నే చూస్తోంది. సర్వర్‌లో పాత ఐనోడ్‌ను ఏదైనా ప్రాసెస్ తెరిచి ఉంచినప్పుడు, హార్డ్‌లింక్‌తో బ్యాకప్ తీసే పద్ధతి ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. పాతది ఇంకా బతికే ఉంది కాబట్టి స్టేల్ ఎర్రర్ కూడా రాదు. ఫోల్డర్ గడువు ముగిశాక సర్దుకుంటుంది.

ల్యాబ్ పరీక్షల రోజు వచ్చే సమస్య మరొకటి. ప్రశ్నపత్రం ఫైలు పెట్టకముందే విద్యార్థులు దాన్ని తెరవబోతారు. ‘అలాంటి ఫైలు లేదు’ అన్న జవాబును కూడా క్లయింట్ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఫైలు పెట్టినా కొందరికి నిమిషం దాకా ‘లేదు’ అనే వస్తుంది. వెంటనే కావాలంటే ఆ ఫోల్డర్‌లో ఒకసారి ఎల్ఎస్ కొట్టించండి, చాలాసార్లు తాజా అవుతుంది. పక్కా మందు కావాలంటే ఆ మౌంట్‌కు లుకప్‌క్యాష్=పాజిటివ్ ఆప్షన్ పెట్టండి. అప్పుడు ఉన్నవాటినే గుర్తుపెట్టుకుంటుంది, లేనివాటిని ప్రతిసారీ అడుగుతుంది.

ఇక నోఏసీ అనే మౌంట్ ఆప్షన్. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని దీన్ని అందరూ పెట్టేస్తుంటారు. వద్దు. ఫైలు వివరాల క్యాష్ ఆగిపోవడమే కాదు, ప్రతి రాతా సర్వర్‌కు చేరేదాకా ప్రోగ్రాం ఆగాలి. అరవై సిస్టమ్స్ కలిసి సర్వర్‌ను ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. తిరుపతి సర్వర్‌ను చిత్తూరు బ్రాంచి నుంచి వీపీఎన్ మీద మౌంట్ చేసుకున్నవాళ్లకైతే పని నడవదు. గడువు తగ్గించాలనుకుంటే ఆ ఒక్క షేర్‌కు యాక్‌టైమ్‌ఓ=3 లాంటి చిన్న విలువతో మొదలుపెట్టి చూడండి. ఇద్దరు ఒకే ఫైలులో రాసే ప్రోగ్రాం అయితే ఫైల్ లాక్ వాడించండి. లాక్ తీసుకునేటప్పుడు క్లయింట్ తన క్యాష్‌ను సర్వర్‌తో సరిచూసుకుంటుంది.

ఆప్షన్ మార్చినా ఫలితం లేకపోతే ఒకటి గుర్తుంచుకోండి. అదే సర్వర్ నుంచి అదే ఎక్స్‌పోర్ట్‌ను ఆ సిస్టంలో ఇంకో చోట ముందే మౌంట్ చేసి ఉంటే, రెండూ ఒకే క్యాష్‌ను పంచుకుంటాయి, మొదటిదాని ఆప్షన్లే చెల్లవచ్చు. రెండింటినీ తీసి మళ్లీ మౌంట్ చేయండి.

క్యాష్ మీదే అనుమానం ఉంటే రుజువు కోసం సింక్ ఇచ్చి, /ప్రాక్/సిస్/వీఎం/డ్రాప్_క్యాషెస్‌లోకి 3 రాసి చూడవచ్చు. అది పరీక్ష మాత్రమే. క్రాన్‌లో పెట్టి గంటకోసారి నడపడం వైద్యం కాదు.

6. చుక్క ఎన్ఎఫ్ఎస్ ఫైళ్లు

ఒక క్లయింట్‌లో తెరిచి ఉన్న ఫైలును అదే క్లయింట్‌లో చెరిపితే, ఎన్ఎఫ్ఎస్ దాన్ని నిజంగా చెరపదు. చుక్క ఎన్ఎఫ్ఎస్ అని మొదలయ్యే పేరు పెట్టి పక్కన ఉంచుతుంది. ఫైలు మూసినప్పుడు అది పోతుంది. కాబట్టి వీటిని చెరపడానికి పోరాడొద్దు. ఆ క్లయింట్‌లో ఎల్ఎస్‌ఓఎఫ్‌తో ఏ ప్రాసెస్ తెరిచిందో చూసి దాన్ని మూయండి.

క్లయింట్ కరెంటు పోయి ఆగిపోతే ఇవి అనాథలుగా మిగులుతాయి. సర్వర్‌లో ఫైండ్ వాడి, వారం దాటినవాటిని మాత్రమే, ఏ క్లయింటూ వాడటం లేదని తేల్చుకున్నాక తీసేయండి. వాడుతున్నదాన్ని సర్వర్‌లో తీసేస్తే ఆ క్లయింట్‌కు వచ్చేది స్టేల్ ఎర్రరే.

7. మళ్లీ రాకుండా

సర్వర్ వైపు:

- ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డేటా డిస్క్‌ను ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని రాయొద్దు, యూయూఐడీతో (డిస్క్‌కు మారని గుర్తింపు సంఖ్యతో) రాయండి. కరెంటు పోయి వచ్చాక యూఎస్‌బీ డిస్క్ పేరు మారడం మామూలే.
- ఎక్స్‌పోర్ట్ లైనులో ఎంపీ ఆప్షన్ పెట్టండి. డిస్క్ మౌంట్ కాకపోతే ఆ ఫోల్డర్ అసలు షేర్ కాదు, ఖాళీ ఫోల్డర్ బయటికి పోదు.
- డిస్క్ లేదా సర్వర్ మార్చే అవసరం ఉన్నచోట ఎఫ్ఎస్ఐడీకి మీరే ఒక నంబర్ ఇచ్చి మార్చకుండా ఉంచండి. రెండు ఎక్స్‌పోర్ట్‌లకు ఒకే నంబర్ ఇవ్వొద్దు. ఐనోడ్లు మారితే ఈ నంబర్ ఒక్కటే కాపాడదు.
- ల్యాబ్ సిస్టమ్స్‌కు డీహెచ్‌సీపీలో ఐపీ రిజర్వ్ చేయండి, లేదా ఎక్స్‌పోర్ట్ లైనులో సబ్‌నెట్ మొత్తం ఇవ్వండి.
- యూపీఎస్ ముందు సర్వర్‌కు, స్విచ్‌కు. క్లయింట్ల సంగతి తర్వాత.

క్లయింట్ వైపు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో హార్డ్, _నెట్‌డెవ్, నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ ఉంటే సర్వర్ ఆలస్యంగా లేచినా సిస్టం బూట్‌లో ఇరుక్కోదు. తాకినప్పుడే మౌంట్ అవుతుంది.

అందరూ వాడే సాఫ్ట్‌వేర్, డేటా అప్‌డేట్ చేసే పద్ధతి అన్నిటికంటే ముఖ్యం. ఉన్న ఫోల్డర్ మీద రాయొద్దు. కొత్త వెర్షన్‌ను కొత్త ఫోల్డర్‌లో పెట్టండి. ‘కరెంట్’ అనే సిమ్‌లింక్‌ను (ఇంకో ఫోల్డర్‌ను చూపించే లింక్‌ను) అటు తిప్పండి. తిప్పేటప్పుడు ఎల్ఎన్ మైనస్ ఎస్‌తో తాత్కాలిక లింక్ చేసి, ఎంవీ మైనస్ పెద్ద టీతో దాన్ని అసలు పేరు మీదికి జరపండి. ఇలా చేస్తే మధ్యలో లింక్ లేని క్షణం ఉండదు. పాత ఫోల్డర్‌ను కనీసం ఒకరోజు, అందరూ మూసేదాకా ఉంచండి. తెరిచి ఉన్నవాళ్లకు పాతదే నడుస్తుంది, కొత్తగా తెరిచినవాళ్లకు కొత్తది దొరుకుతుంది, ఎవరికీ స్టేల్ రాదు. ఆర్‌సింక్‌లో ఇన్‌ప్లేస్ పెట్టాలా వద్దా అనే ప్రశ్నే లేకుండా పోతుంది.

అరవై సిస్టమ్స్ ఒకే లాగ్ ఫైలు చివర రాయడం, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను షేర్ మీద పెట్టడం, ఈ రెండూ మానేయండి. సిస్టంకు ఒక లాగ్ ఫైలు పెట్టండి. డేటాబేస్ కావాలంటే సర్వర్‌లో నడిచే డేటాబేస్ వాడండి.

8. డిస్క్ మార్చే రోజు చెక్‌లిస్ట్

సెలవుల్లో చేసుకోండి. బ్రహ్మోత్సవాల సెలవులు చాలామందికి అనువు.

- పాత డిస్క్ బ్యాకప్ తీసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశాం
- అన్ని క్లయింట్లలో ప్రోగ్రాములు మూసి, యూమౌంట్ చేశాం
- సర్వర్‌లో ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ మైనస్ యూఏ ఇచ్చాం
- కాపీ పూర్తయింది, ఓనర్లు, పర్మిషన్లు, హార్డ్‌లింకులు సరిగ్గా వచ్చాయి
- ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో కొత్త యూయూఐడీ మార్చి, సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేసి, ఫైండ్‌మౌంట్‌తో చూశాం
- ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ మైనస్ ఆర్ఏ, మైనస్ వీ ఇచ్చి జాబితా చూశాం
- గరుడాద్రిలో మాత్రమే మౌంట్ చేసి, రాసి, చదివి, చెరిపి చూశాం
- అంజనాద్రిలో మౌంట్ చేసి, గరుడాద్రిలో రాసి మూసిన ఫైలు అక్కడ తెరిస్తే కొత్తదే వచ్చింది
- మిగతా సిస్టమ్స్ అన్నిట్లో మౌంట్ చేశాం
- పాత డిస్క్‌ను రెండు వారాలదాకా తుడిచేయకుండా పక్కన పెట్టాం